బహురూపములఁ గల పత్రికల సూచీరచన: విమర్శనము

గ్రంథాలయమునకు వచ్చిన పరిశోధకుఁడొకఁడు "భారతి" ప్రథమసంపుటము గావలెనని యడిగినయెడల, నేఁడు గ్రంథాలయాధికారి చూపఁగలవి మూఁడు. అట్ట కట్టించి బీరువాలో నుంచిన కాగితపుఁ బ్రతి యొకటి. ఆ ప్రతినుండియో, మఱియొక గ్రంథాలయపుఁ బ్రతినుండియో తీసిన మైక్రోఫిల్ముచుట్ట రెండవది. కంప్యూటరు తెరపైఁ బుటవెంబడి పుటగాఁ గానవచ్చు డిజిటల్ ప్రతి మూఁడవది. ఈ మూఁడును నొకటియా, మూఁడా? ఇది బాలుర ప్రశ్నవలెఁ దోఁచును. కాని సూచీకర్తలు దీనిమీఁద దశాబ్దములుగా వాదించుచున్నారు. వారి నియమావళులు మాఱినప్పుడెల్ల నుత్తరమును మాఱినది.

ఈ వివాదము గ్రంథాలయోద్యోగుల యింటివ్యవహారమని పండితులు దీనిని నిర్లక్ష్యము చేయుచు వచ్చిరి. అది పొరపాటు. ఒక వ్యాసము ఫలానిపత్రికలో నచ్చుపడలేదని వ్రాయు విద్వాంసుఁడు నిజమునకుఁ జెప్పునది తాను జూచిన రూపములో నది కనఁబడలేదని మాత్రమే. తాను జూచిన దేరూపమో, ఆ రూపమునకు మూలమైన ప్రతి సమగ్రమో కాదో సూచిక తెలుపనియెడల, నాతని "లేదు" అను మాటకు విలువ లేదు. ఒక గ్రంథకర్త తొలిరచన యేదియో, ఒక వాదములో మొదట పలికిన దెవరో, ఒక శాసనపాఠమును మొదటఁ బ్రకటించిన దెవరో యను నిర్ణయము లిట్టి "లేదు"లపైననే నిలిచియున్నవి.

పుస్తకమునకును బత్రికకును గల భేదము ముందుగా గ్రహింపవలసియున్నది. పుస్తకము ముగిసిన వస్తువు. పత్రిక యట్లు గాదు. అది పేరు మార్చుకొనును, ఊరు మార్చుకొనును, వారపత్రిక దినపత్రికయగును, కొంతకాల మాఁగి మఱల మొలకెత్తును. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో నారంభించిన "ఆంధ్రపత్రిక" వారపత్రిక. 1914లో మదరాసునుండి దినపత్రిక బయలుదేఱెను. ఇవి గాక సంవత్సరాది సంచికలు వేఱుగా నుండెను. పేరొక్కటే, వస్తువులు మూఁడు. సూచికలో "ఆంధ్రపత్రిక" యని వ్రాసి యూరకున్నవాఁడు వ్రాయనివానితో సమానుఁడు. "భారతి" యను పేరును నట్టిదే. తెలుఁగు "భారతి" 1924 జనవరిలో జనించినది. దానికి పూర్వమే, 1877లో, వంగదేశమున ఠాకూరులయింటినుండి "భారతి" యను మాసపత్రిక వెలువడినది. కావునఁ బత్రికకు శీర్షము నిర్ణయించునపుడు పేరు, భాష, స్థలము, ఆరంభవత్సరము, కాలావధి యను నైదును గూడియుండవలెను. ఇంతవఱకు వివాదము లేదు. శ్రీ రంగనాథను 1934లోఁ బ్రకటించిన వర్గీకృతసూచీనియమావళిలోఁ బత్రికల పేరుమార్పులను, చీలికలను, కలయికలను నెంత సూక్ష్మముగా విచారించెనో యా గ్రంథమును జూచినవా రెఱుఁగుదురు. అయితే నాఁటి గ్రంథాలయములలోఁ బత్రిక యనఁగాఁ గాగితమే. రూపభేదమను చిక్కు ప్రబలిన దాతరువాత.

ఆ చిక్కును విప్పఁబూనినవారిలోఁ బక్షములు రెండు. చేతనున్న వస్తువునే వర్ణింపవలెననునది మొదటి పక్షము. 1978లో వెలువడిన ఆంగ్లో-అమెరికను సూచీనియమావళి రెండవకూర్పు నీమతమునే యనుసరించినది. దీనింబట్టి ఫిల్మును ఫిల్ముగానే వర్ణింపవలెను. అది యే కాగితమునుండి తీయఁబడినదో యది టిప్పణిలోఁ జెప్పవలసిన మాట. మూలమునే వర్ణించి, ప్రతిరూపమును టిప్పణిలోఁ దెలుపవలెననునది రెండవ పక్షము. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము మైక్రోఫిల్ముల విషయమునఁ బై నియమమును బాటింపక యీ రెండవ మార్గమునే పట్టినది. 1982లో నారంభమైన యమెరికా వార్తాపత్రికల సూచీకార్యక్రమ మింకను ముందునకుఁ బోయి, యొక పత్రిక కాగితముగా నున్నను ఫిల్ముగా నున్నను సర్వమును మూలపత్రిక యొక్క యేకైకపట్టిక క్రిందనే చేర్చినది. 1989 డిసెంబరులో వర్జీనియాలోని ఎయిర్లీ హౌసు నందు సమావేశమైన సూచీకర్తలు మధ్యమార్గమును వెదకిరి: పై యంతస్తునఁ బత్రిక, క్రింది యంతస్తున రూపములు. వారి సలహా బాగుగనే యున్నది గాని యాచరణమున నంతగా నిలువలేదు.

పిదపఁ బ్రచురణకర్తలే తమ పత్రికలను కాగితముమీఁదను, కంప్యూటరులోను నేకకాలమునఁ బ్రకటింపసాగిరి. మొదటఁ గొందఱు కాగితపుఁ బట్టికలోనే డిజిటల్ రూపమును సూచించి సరిపుచ్చుకొనిరి. తరువాత వేఱుపట్టికలు వచ్చెను. ఒక్కొక్క విక్రేతకు నొక్కొక్క పట్టిక పెరుఁగఁగా, 2003 ప్రాంతమున విక్రేత లెందఱైనను డిజిటల్ రూపమున కొక్కపట్టికయే చాలునని తీర్మానించిరి. 1998లోఁ బ్రకటితమైన యంతర్జాతీయ సిద్ధాంతపత్రము కృతి, వ్యక్తీకరణము, ప్రకటితరూపము, ప్రతి యను నాలుగు మెట్లను నిర్వచించినది. పత్రికలకిచ్చు నెనిమిదంకెల యంతర్జాతీయసంఖ్య రూపభేదమునుబట్టి వేఱువేఱుగా నీయఁబడుచుండఁగా, 2007లో నా రూపములన్నిటిని గలుపు సంధానసంఖ్య యొకటి యేర్పడినది. ఇది యంతయుఁ బ్రశంసనీయమైన కృషియే.

కాని యీ నియమములను యథాతథముగాఁ దెచ్చి పూర్వపుఁదెలుఁగుపత్రికలకుఁ దగిలింపఁజూచుట సరికాదు. పాశ్చాత్యుల వివాదము ప్రధానముగా జీవించియున్న పత్రికలనుగూర్చినది. ఒకే ప్రచురణకర్త యొకే పాఠమును రెండు పాత్రలలోఁ బోసి యిచ్చుచున్నాఁడు. పాత్రభేదమే గాని పదార్థభేదము లేదు. తెలుఁగుపత్రికల స్థితి వేఱు. "వివేకవర్ధని" 1874లోఁ బుట్టినది, "కృష్ణాపత్రిక" 1902లో. వీనిని స్థాపించినవారు వీనికి ఫిల్మురూపము నిచ్చినవారు గారు. పత్రిక కాలధర్మము నొందిన పిమ్మట నెవ్వరో, ఎక్కడనో మిగిలిన యొక ప్రతిని సంపాదించి, దాని పుటలను ఛాయాగ్రహణము చేసిరి. ఆ ప్రతిలో లేని పుట ఫిల్ములో లేదు. ఆ ప్రతిలోఁ జెదపురుగు తిన్న పంక్తి డిజిటల్ ప్రతిలోను దినఁబడియే యుండును. ఇచట రూపము పాత్రమాత్రము గాదు, ఒక సాక్షి. ఇరువురు సాక్షులు సంఖ్యచే నిరువురయ్యును, రెండవవాఁడు మొదటివాని నోటనుండి విన్నదే చెప్పుచున్నయెడల, సాక్ష్య మొకటియే.

ఈ న్యాయము పండితులకుఁ గ్రొత్తది గాదు. ఒక ప్రబంధమును బరిష్కరించువాఁడు తాళపత్రప్రతులు నాలుగు దొరకినవని సంతోషించి యూరకుండఁడు. అందు రెండవది మొదటిదానికిఁ బుత్రికయా, మూఁడవదాని మాతృక యెక్కడిదని విచారించును. మాతృకలోని గ్రంథపాతము పుత్రికలన్నిటను గనఁబడును. అట్టి పుత్రికలు పది యున్నను బాఠనిర్ణయమునఁ బదిసాక్ష్యములు గావు. మదరాసు ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారపు వివరణాత్మకసూచికలను సిద్ధపఱచిన విద్వాంసులు ప్రతియొక్క ప్రతికిని నది తాళపత్రమో కాగితమో, పొడవు వెడల్పు లెన్ని, పత్రములెన్ని, పుటకుఁ బంక్తులెన్ని, లిపి యేది, సమగ్రమా అసమగ్రమా, శిథిలమా అశిథిలమా యని వ్రాసి, యాద్యంతములను నుదాహరించిరి. మెకంజీ సేకరించిన కైఫీయత్తులు శిథిలములగుచుండఁగా సి. పి. బ్రౌను వానిఁ గాగితములపై కెత్తి వ్రాయించెను. ఆ ప్రతులను వాడు చరిత్రకారుఁడు అది మూలమా, బ్రౌను వ్రాయించిన ప్రతియా యని తప్పక యడుగును. తాటియాకునకుఁ జేసిన యీ యుపచారమును నచ్చుపత్రికకుఁ జేయుటకు నాక్షేపణ యేమున్నది? అచ్చువస్తువు గావునఁ బ్రతులన్నియు సమానములను భ్రమయే దీనికిఁ గారణము. అచ్చుకూటమునుండి బయలుదేఱిన దినమున నవి సమానములే. నూఱేండ్లు వేఱువేఱు బీరువాలలో నున్న పిమ్మట నెంతమాత్రము గావు.

ఎట్లు భిన్నములగునో యొకింత విచారింపఁదగును. మాసపత్రికలను సంపుటములుగాఁ గట్టించునపుడు బైండుచేయువాఁడు ముఖపత్రములను, ప్రకటనల పుటలను దీసివేయుట సర్వసాధారణము. సంచిక తారీఖు, సంపాదకుని పేరు, చందావివరములు, పుస్తకస్వీకారములు పలుమా ఱా ముఖపత్రములపైననే యుండును. ఇట్లు కట్టిన సంపుటమును ఫిల్ము తీసినయెడల నా సమాచారము శాశ్వతముగాఁ బోవును. అట్ట కట్టింపక విడిసంచికలనే దాఁచుకొన్న మఱొక గ్రంథాలయమున మాత్రము మిగిలియుండును. కొన్ని సంపుటములలో లోపలి అంచు కుట్టులోఁ జిక్కి పంక్త్యంతాక్షరములు ఛాయలోఁ బడవు. రంగుచిత్రము నలుపుతెలుపైపోవును. మడచిపెట్టిన పటము మడచినట్లే చిత్రితమగును. వేటపాలెమున 1918లో నేర్పడిన సారస్వతనికేతనము వంటి గ్రంథాలయములలోఁ బాతపత్రికల ప్రతులు దాఁచియుండుటచేతనే యిట్టి లోపములను సరిపోల్చి కనుఁగొనుట సాధ్యమగుచున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వారు పూర్వపత్రికలను డిజిటల్ రూపమునఁ గూర్చుట గొప్పమేలు. దూరదేశమునందలి విద్యార్థికి నదియే యాధారము. కాని యెవ్వరు కూర్చినను, ఛాయ దేనిఛాయయో తెలిసిననే దాని విలువ తెలియును.

ఇఁకఁ గాలనిర్దేశము. తెలుఁగుపత్రికలు తఱచుగాఁ బ్రభవాదిసంవత్సరనామములను, చాంద్రమాసములను ధరించును. రుధిరోద్గారి యనఁగా 1923 ఉగాది మొదలు 1924 ఉగాదివఱకును. అఱువదియేండ్లకు, 1983-84లో, మఱల రుధిరోద్గారియే. "భారతి" 1924లోఁ బుట్టి 1991వఱకు నడచినది గావున నా పేరుగల సంవత్సరము దాని జీవితముననే రెండుమార్లు వచ్చినది. ఫిల్ముపెట్టెపై "భారతి, రుధిరోద్గారి" యని మాత్రము వ్రాసిన నది తొలిసంచికలో, కడపటి దశాబ్దపు సంచికలో పెట్టె విప్పిననే గాని తెలియదు. పుష్యమాసము డిసెంబరు జనవరుల సంధిలోఁ బడును. ఉగాది మార్చి యేప్రిలులలో వచ్చును. కాగితపుఁ బట్టిక తెలుఁగుసంవత్సరమును, ఫిల్ముపట్టిక యింగ్లీషుసంవత్సరమును, డిజిటల్ పట్టిక సంపుటసంఖ్యను మాత్రమును జెప్పుచున్నయెడల, మూఁడు పట్టికలును సత్యమే పలుకుచున్నను బరిశోధకునకు మూఁడు పత్రికలుగాఁ గనఁబడును. అధికమాసము వచ్చిన యేట సంచికలు పండ్రెండా పదుమూఁడా యను సందేహము వేఱొకటి. సంపుటసంఖ్య, సంచికసంఖ్య, తెలుఁగుమాసవత్సరములు, క్రీస్తుశకము నాలుగును బ్రక్కప్రక్కన వ్రాయుట తప్ప దీనికి మార్గాంతరము లేదు.

రోమనులిపి తెచ్చిన తొందర దీనికిఁ దోడు. తకారమునకు హకారమును జేర్చి వ్రాయువారు కొందఱు, చేర్చనివారు కొందఱు. "భారతి" రెండు పేరులై, "పత్రిక" రెండు పేరులై, "ఆంధ్ర" మూఁడు విధములై, డిజిటల్ పట్టికలలో నొకే పత్రిక సంచికలు నాలుగు చోట్లఁ జెదరిపోవుట చూచినవారికిఁ గ్రొత్తగాదు. తెలుఁగుపత్రికకుఁ దెలుఁగులిపిలో శీర్ష ముంచి, రోమనురూపమును దానికి సహాయముగా మాత్ర ముంచిన నీ వ్యాధి చాలవఱకు శమించును.

వీని యన్నిటికంటెఁ బ్రధానమైనది కొఱఁతలను జెప్పు పద్ధతి. సంచిక లేదనుటకు నర్థములు మూఁడు: పత్రికవా రసలు ప్రకటింపలేదు, ప్రకటించిరి గాని గ్రంథాలయమునకు దొరకలేదు, దొరకినది గాని యెవ్వరును బరిశీలింపలేదు. ఈ మూఁటిని నొక్క "లేదు"తోఁ గప్పిపెట్టిన సూచిక పరిశోధకుని వంచించును. అమెరికావారు 1999లో సిద్ధపఱచిన నిల్వవివరణప్రమాణములో నీ భేదమునకుఁ జక్కని గుఱుతులు గలవు. గ్రంథాలయమునఁ గొఱఁతపడిన సంచికయున్నచోటఁ గామా. ప్రకటనమే యాఁగినచోట, అనఁగా గ్రంథాలయమున లోపము లేనిచోట, సెమికోలను. విరామచిహ్నములపై వ్యాకర్తలకు సహజముగానే గౌరవము గలదు. అయినను నొక కామాకును సెమికోలనుకును ఇంత యర్థభేద మాపాదించిన శాస్త్రము మఱొకటి యున్నదో లేదో. ఈ గుఱుతులను యథాతథముగా వాడుకొనకపోయినను, వాని వెనుకనున్న వివేచనమును గైకొనవలెను.

సూచికలోని యొక చిన్న యజాగ్రత్త యెంతటి నష్టమునకు దారితీయునో యమెరికాలో నిదివఱకే ఋజువైనది. నికల్సన్ బేకరు 2001లోఁ బ్రకటించిన "డబుల్ ఫోల్డ్" అను గ్రంథము, పుటమూలను ముందుకును వెనుకకును మడచి కాగితపు బలమును బరీక్షించి, బలహీనమని తేలిన సంపుటములకు ఫిల్ములు దీసి మూలములను వదలించుకొన్న గ్రంథాలయముల చరిత్ర. బ్రిటిషు గ్రంథాలయము తన యమెరికను వార్తాపత్రికల మూలసంపుటములను విక్రయింపఁబూనఁగా, బేకరు వానిని గొని దాఁచుటకుఁ బ్రత్యేకముగా నొక సంస్థను నెలకొల్పెను. 2004లో నా సంపుటములు డ్యూక్ విశ్వవిద్యాలయమునకుఁ జేఱెను. బేకరు గ్రంథాలయాధికారులపై మోపిన నిందలలో నతిశయోక్తి లేకపోలేదు. పొడియగుచున్న కాగితమునకు ఫిల్మే శరణ్యమని నమ్మినవారిలోఁ బెక్కురు సదుద్దేశముగలవారే. కాని వారి చేతి కాయుధ మిచ్చినది సూచిక. మూలమును ఫిల్మును నేకపట్టికలోఁ జేర్చి "ఇదియు నదియు నొకటే" యని చెప్పినపుడు, రెండింటిలో స్థలమాక్రమించుదానిని బాఱవేయుట న్యాయముగాఁ దోఁచును. ఫిల్ము ఫలాని ప్రతినుండి తీయఁబడినదనియు, నందుఁ గొన్ని పుటలు లేవనియు, రంగులు పోయినవనియుఁ బట్టిక పలికియున్నచోఁ బాఱవేయు చేయి యొకింత యాఁగియుండును.

ఆ ఫిల్మేని చిరంజీవియా? అసిటేటుతోఁ జేసిన ఫిల్ము వేఁడికిని దేమకును లోనై పులిసి, సిర్కావాసన వేయుచు ముడుచుకొనిపోవును. తీరాంధ్రపుటెండలో నిది వేగముగా సంభవించును. డిజిటల్ ప్రతుల జీవిత మంతకంటె నస్థిరము. నిన్న తెఱచిన స్థానము నేఁడు తెఱవకపోవచ్చును. కావున నా రూపమును జెప్పు పట్టికలో నది కడపట నెన్నఁడు పరీక్షింపఁబడినదో యా తేదీ యుండుట యావశ్యకము. తేదీలేని "లభ్యము" అను మాట పంచాంగములేని ముహూర్తము.

దీనింబట్టి గ్రాహ్యమైన పద్ధతి స్పష్టమగుచున్నది. పత్రిక కొక్కటే శీర్షపట్టిక యుండవలెను. ఏలయన వెదకువాఁడు పత్రికను వెదకును గాని ఫిల్మును వెదకఁడు. దాని క్రింద రూపమునకొక యుపపట్టిక. ఒక్కొక్కదానియందు మాతృక యేగ్రంథాలయపుఁ బ్రతియో, నిల్వలోఁ గొఱఁత లేవో. అనఁగా నెయిర్లీ హౌసువారి రెండంతస్తుల మేడయే, తెలుఁగుపండితుల మాతృకావిచారముతోఁ గూడినది. పక్షద్వయములో దేనిని సంపూర్ణముగా నంగీకరించినను నష్టమే: పట్టికలను విడఁగొట్టినచోఁ బత్రిక చెదరును, అభేదము చెప్పినచో సాక్ష్యము చెడును.

ఇంతపని యెవ్వరు చేయుదురను నాక్షేపణ వచ్చును. అది తోసివేయఁదగినది గాదు. చందాలపై నడచు నూరిగ్రంథాలయమున నొకఁడే యుద్యోగి తలుపు తెఱచుటనుండి దీప మార్పువఱకు సర్వమును జేయుచుండును. అతనిని సంచికవెంబడి సంచిక పరిశీలింపుమనుట దయలేని మాట. కాని నిండుసంపుటములకు నింత శ్రమ యక్కఱలేదు. "సంపుటములు 1-5, సమగ్రము" అని యొక పంక్తి చాలును. కొఱఁతయున్న సంపుటములకు మాత్రమే సంచికలవివరము కావలెను. పైఁగా నొక గ్రంథాలయము వ్రాసిన శీర్షపట్టికను దక్కినవి తీసికొని తమ నిల్వను మాత్రము క్రిందఁ జేర్చుకొనవచ్చును. నాలుగైదు గ్రంథాలయముల కొఱఁత లొకచోటఁ గూడిననాఁడు, ఒకరి లోప మింకొకరి నిండుదనముచేఁ బూరింపఁబడునో లేదో తేలును.

చిక్కువిడని సంగతులు లేకపోలేదు. నెల్లూరినుండి పూండ్ల రామకృష్ణయ్య ప్రకటించిన "అముద్రితగ్రంథచింతామణి" మొదలైన పత్రికలు పూర్వకావ్యములను గొంచెము కొంచెముగా నచ్చువేసెను. అట్టి పత్రికలలోఁ గావ్యభాగములకుఁ బ్రత్యేకపుటసంఖ్యలు వేయుటయుఁ గలదు. చందాదారులు వానిని విడదీసి పుస్తకములుగాఁ గట్టించుకొనిరి. ఇట్లు కట్టినది గ్రంథాలయములలోఁ బుస్తకముగాఁ బట్టికకెక్కును. కావ్యము తొలగించిన పత్రికాసంపుటము డొల్లయై "అసమగ్ర"మగును. రెండవదాని కొఱఁత మొదటిదానిలో నున్నదని రెండు పట్టికలును బరస్పరము చెప్పుకొనవలెను. పుస్తకముగాఁ గట్టినది పత్రికకు రూపాంతరమా, స్వతంత్రగ్రంథమా యన్నచో, ముఖపత్రము వేఱుగా నచ్చైనదానిని గ్రంథముగాను, లేనిదానిని బత్రికాఖండముగాను గ్రహించుట యుచితము.

దీనికి విపర్యయముగా 1998లో నారంభమైన "ఈమాట" కంప్యూటరునందే జన్మించినది. దానికి ముఖపత్రమును లేదు, పుటసంఖ్యయు లేదు. అందలి వ్యాసములను నెవ్వరేని కాగితముపై దించి యట్ట కట్టించి బీరువాలోఁ బెట్టినయెడల, నచటఁ గాగితమే పుత్రిక, తెరపైనిదే మాతృక. ఉపపట్టికలో నీవరుసనే యుండవలెను. అట్టను జూచి దానికిఁ బ్రథమస్థాన మీయరాదు.